బండి కింద పాత గ్యాస్ ట్యాంకు: ఏది బాగుచేయొచ్చు, ఏది మార్చాల్సిందే

ఆదివారం సాయంత్రం మైపాడు తీరంలోనో, ఒంగోలు పక్కన కొత్తపట్నం తీరంలోనో నిలబడితే వంటిల్లు వెంటేసుకుని తిరిగే బండ్లు రకరకాలు కనిపిస్తాయి. టిఫిన్ బండిగా మారిన పాత వ్యాన్లు, నూడుల్స్ అమ్మే చిన్న ట్రక్కులు, మంచం, సింకు, పొయ్యి అమర్చుకుని కుటుంబంతో ఊళ్లు తిరిగే టెంపో ట్రావెలర్లు. చెన్నై నుంచి విజయవాడ వైపు 16వ నంబరు జాతీయ రహదారి పట్టిన క్యారవాన్ నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగానే పోవాలి. వీటిలో చాలావాటికి గ్యాస్ మామూలు బండ నుంచే వస్తుంది. కొన్నింటికి మాత్రం ఛాసిస్‌కు బిగించిన ట్యాంకు ఉంటుంది. అది ఒకప్పుడు ఎల్‌పీజీతో నడిచిన కారులోంచి తీసినది కావచ్చు, విదేశాల్లో తయారైన, ఇల్లులా అమర్చిన మోటార్‌హోమ్‌తో పాటే వచ్చిన ప్రొపేన్ (ఎల్‌పీజీలో ఉండే ఒక గ్యాస్) ట్యాంకు కావచ్చు.

అలాంటి ట్యాంకు మీద తుప్పు కనపడగానే వచ్చే ప్రశ్న ఒకటే. వెల్డింగ్ పెట్టించి రంగు కొడితే సరిపోతుందా, మొత్తం మార్చాలా? ట్యాంకును ఒక్క వస్తువుగా చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అందులో రెండు వేరు వేరు వస్తువులున్నాయి. ఒకటి గ్యాస్‌ను పట్టి ఉంచే ఉక్కు పీపా. రెండోది దాని మీదా, దాని చుట్టూ ఉండే సరంజామా: వాల్వులు, రెగ్యులేటర్, గొట్టాలు, గేజి, బిగింపు పట్టీలు. సరంజామా ముందు పాడవుతుంది, దాన్ని మార్చుకోవచ్చు. పీపా చాలా ఆలస్యంగా పాడవుతుంది, కానీ పాడయ్యాక రోడ్డు పక్క షెడ్డులో దానికి మరమ్మతు లేదు. ఆచరణలో తరచూ తలకిందులుగా జరుగుతుంది. పీపాకు అతుకు పడుతుంది, పదిహేనేళ్ల గొట్టం అలాగే ఉండిపోతుంది.

బండ తిరుగుతుంది, ట్యాంకు ఉండిపోతుంది

ఇంటికొచ్చే గ్యాస్ బండ ఎంత పాతదో అని ఎవరూ టెన్షన్ పడరు. పడనక్కర్లేదు కూడా, ఎందుకంటే ఆ బండ మనది కాదు, కంపెనీది. ఖాళీ అయినది వెనక్కి పోతుంది, వేరొకటి వస్తుంది. వెనక్కి పోయిన బండ బాట్లింగ్ ప్లాంటులో మళ్లీ నిండే ముందు ఎవరో ఒకరి కంట పడుతుంది. పైన పట్టుకునే రింగును మోసే నిలువు పట్టీల లోపలి వైపు చూస్తే ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జులై నుంచి సెప్టెంబర్, డీ అంటే చివరి మూడు నెలలు. 'బీ-28' అని ఉంటే 2028 జూన్ లోపు ఆ బండ పరీక్షకు వెళ్లాలి. కొత్త బండకు మొదటి పరీక్ష పదేళ్లకు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి.

ఆ పరీక్షలో బండ నిండా నీళ్లు పోసి, చదరపు సెంటీమీటరుకు 25 కిలోల ఒత్తిడి పెడతారు. గాలితో కాకుండా నీళ్లతో ఎందుకంటే, గాలిని నొక్కితే అది స్ప్రింగులా శక్తిని దాచుకుంటుంది. బండ పగిలితే ఆ శక్తంతా ఒక్కసారి బయటపడి పక్కనున్నవాళ్ల ప్రాణం తీస్తుంది. నీళ్లు అంతగా నొక్కుడుపడవు కాబట్టి బండ చీలినా నీళ్లు చిమ్మి ఊరుకుంటాయి. ఇంకో కొలత కూడా ఉంది, అది మరీ సూటిగా ఉంటుంది. బండ ఖాళీ బరువు దాని మీదే కొట్టి ఉంటుంది. తుప్పు ఉక్కును తినేస్తే బరువు తగ్గుతుంది. గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం ఖాళీ బరువులో 5 శాతానికి మించి తగ్గిన సిలిండర్‌ను ఇక నింపకూడదు. 16 కిలోల బండ అనుకుంటే 800 గ్రాములు. అంత ఉక్కు పోయిందంటే గోడ ఎక్కడో పలచబడినట్టే.

బండికి బిగించిన ట్యాంకుకు ఈ తిరుగుడు లేదు. బిగించిన రోజు నుంచి తీసేసే రోజు దాకా అదే చోట, అదే బండి కింద ఉంటుంది. మోటార్‌హోమ్‌లు ఎక్కువగా ఉన్న అమెరికాలో రెండు రకాల పాత్రలు వాడతారు. ట్రైలర్ ముందు నిలబెట్టి, తీసి పెట్టుకోగలిగే సిలిండర్లు ఒక రకం. వాటికి మన బండల మాదిరే పరీక్ష గడువు ఉంటుంది. గడువు దాటితే నింపేవాడు నింపడు. మోటార్‌హోమ్ నేల కింద శాశ్వతంగా బిగించేది రెండో రకం. ఇవి అక్కడి మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఏఎస్‌ఎంఈ ప్రమాణం ప్రకారం మందమైన ఉక్కుతో కడతారు. ఆ సిలిండర్లకున్నట్టు వీటికి ఇన్నేళ్లకోసారి మళ్లీ పరీక్ష అన్న తేదీ ఉండదు. బాగా చూసుకుంటే దశాబ్దాలు పనిచేస్తాయి. ఆ మాటలో బరువంతా 'బాగా చూసుకుంటే' అన్నదాని మీదే ఉంది. గడువు లేదంటే ఎప్పుడు చూడాలో చెప్పేవాడు కూడా లేడని అర్థం. బండి చేతులు మారుతుంది, కొన్నవాడికి ట్యాంకు చరిత్ర తెలియదు, వంగి కింద చూసే అలవాటు ఎవరికీ ఉండదు.

అందుకే ఆ ట్యాంకు మీద ఉండే చిన్న లోహపు ప్లేటు ట్యాంకంత ముఖ్యం. తయారీదారు పేరు, క్రమ సంఖ్య, తయారైన సంవత్సరం, ఎన్ని నీళ్లు పడతాయి, ఎంత ఒత్తిడికి కట్టారు అన్నవన్నీ దాని మీదే ఉంటాయి. ప్లేటు ఊడిపోయినా, చదవలేనంతగా పాడైనా అమెరికాలో ఆ ట్యాంకును నింపకూడదు. పీపా ఎంత గట్టిగా ఉన్నా సరే. మన దగ్గర పాత బండి కొనేవాళ్లు ఇంజిన్ సౌండు వింటారు, టైర్లు చూస్తారు, ఆర్‌సీ చూస్తారు. ట్యాంకు ఉన్న బండి అయితే చాప పరుచుకుని కింద పడుకుని ఆ ప్లేటు చదవడం వాటన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

ఉప్పు గాలి, పట్టీ కింద మట్టి

తుప్పు అన్ని చోట్లా ఒకలా పట్టదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరం వెంట ఇస్కపల్లి, కనుపర్తి లాంటి ఊళ్లలో ఉప్పు పండిస్తారు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల్లో రొయ్యల చెరువులున్నాయి. అక్కడ గాలిలోనే ఉప్పుంటుంది. రొయ్యల బండ్లు కార్చుకుంటూ పోయే నీళ్లలోనూ ఉప్పే. పైగా ఈ ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వారాల తరబడి బండి అడుగుభాగం ఆరదు. ఉప్పు తనకు తానే తేమను పీల్చుకుంటుంది కాబట్టి వాన వెలిసినా ఆ మట్టి తడి వదలదు.

పైకి కనిపించే ఎర్రటి పొడి తుప్పు చూసి భయపడే పని లేదు. వైరు బ్రష్‌తో రుద్దితే పోయి, కింద నునుపైన ఉక్కు కనపడితే అది పైపై తుప్పే. ప్రైమరు కొట్టి, లేత రంగు పెయింటు వేస్తే ఆగిపోతుంది. లేత రంగు ఎందుకంటే అది ఎండను తిప్పికొడుతుంది, మళ్లీ తుప్పు పట్టినా వెంటనే కనపడుతుంది. అసలు ప్రమాదం కంటికి కనపడని మూడు చోట్ల ఉంటుంది: బిగింపు పట్టీ కింద, అడుగున వెల్డింగ్ గీత వెంట, ట్యాంకు కూర్చునే కాళ్ల దగ్గర. పట్టీకి, పీపాకు మధ్య చేరిన తడి మట్టి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఉక్కు అక్కడ గుంటలు గుంటలుగా తినబడుతుంది. రుద్దితే పెచ్చులు లేస్తాయి, కింద వేలికి తగిలే గుంటలుంటాయి. గుంట ఉన్నదంటే ఆ చోట గోడ పలచబడింది. ఎంత పలచబడిందన్నది కంటితో తేలదు. మందం కొలిచే అల్ట్రాసోనిక్ పరికరమో, నీళ్ల పరీక్షో చెప్పాలి. అలాంటి గుంటలు అడుగున గాని, వెల్డు గీత మీద గాని ఉంటే పరీక్ష ఖర్చు కూడా దండగే, మార్చడమే మేలు.

ఇక్కడ ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. వానల ముందు బండి అడుగున నల్లటి తారు లాంటి పూత కొట్టిస్తారు. ఛాసిస్‌కు అది మంచిదే. గ్యాస్ ట్యాంకుకు మాత్రం అది దుప్పటి కప్పడం లాంటిది. ప్లేటు కనపడదు, తుప్పు కనపడదు. పూత ఎక్కడైనా చిట్లితే నీళ్లు లోపలికి దిగి బయటికి రావు. అమ్మకానికి వచ్చిన పాత బండి కింద ట్యాంకు ఒక్కటే కొత్తగా నల్లగా నిగనిగలాడుతుంటే, ఆ పూత గీకి చూడనివ్వని బండిని కొనకపోవడమే మంచిది.

ఎండ, ఒత్తిడి, ఖాళీగా ఉంచే అయిదో వంతు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెలలో 43, 44 డిగ్రీలు నెల్లూరుకూ ఒంగోలుకూ కొత్త కాదు. తారు రోడ్డు మీద నిలబెట్టిన బండి అడుగున ఇంకా వేడిగా ఉంటుంది. ట్యాంకులో గ్యాస్ ద్రవంగా, దాని మీద ఆవిరిగా ఉంటుంది. ఆ ఆవిరి ఒత్తిడి ట్యాంకులో ఎంత గ్యాస్ ఉందన్నదాని మీద కాకుండా ఎంత వేడిగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. స్వచ్ఛమైన ప్రొపేన్ అయితే 20 డిగ్రీల దగ్గర చదరపు సెంటీమీటరుకు ఏడెనిమిది కిలోలు ఉండే ఒత్తిడి, 50 డిగ్రీల దగ్గర 16 కిలోల దాకా పోతుంది. లారీ టైరులో గాలికి ఇది దాదాపు రెట్టింపు. మన ఎల్‌పీజీలో బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఒత్తిడి అంతకంటే తక్కువే. విదేశీ మోటార్‌హోమ్ ట్యాంకులను చదరపు అంగుళానికి 312 పౌండ్లు, అంటే మన లెక్కలో సుమారు 22 కిలోల ఒత్తిడికి కడతారు. గోడ నిండుగా ఉన్నంత కాలం మన ఎండలు దాన్ని ఏమీ చేయలేవు.

చేసేది అతిగా నింపడం. ఎల్‌పీజీ ద్రవం వేడికి నీళ్లకంటే చాలా ఎక్కువ వ్యాకోచిస్తుంది. తెల్లవారుజామున మూతి దాకా నింపిన ట్యాంకు మధ్యాహ్నానికి ఖాళీ అన్నదే లేకుండా ద్రవంతో నిండిపోతే, ఇక ఒత్తిడి ఎగబాకడానికి అడ్డు ఉండదు. అందుకే ప్రపంచమంతా 80 శాతం దగ్గర ఆపుతారు. మంచి ట్యాంకులో ఈ పని లోపలి ఫ్లోటు ఉన్న వాల్వు చేస్తుంది. మోటార్‌హోమ్ ట్యాంకుకు అదనంగా ఒక చిన్న స్క్రూ ఉంటుంది. నింపేటప్పుడు దాన్ని వదులు చేసి పెడితే, ద్రవం 80 శాతానికి చేరగానే తెల్లటి పొగ చిమ్ముతుంది. అక్కడితో ఆపాలి. ఇంటి బండలోంచి పంపుతో వ్యాను ట్యాంకులోకి గ్యాస్ ఎక్కించే చోట్ల ఈ స్క్రూ, ఈ తూకం, ఈ లెక్క ఏవీ ఉండవు. చట్టం దాన్ని నిషేధించిందన్నది ఒక సంగతి. చట్టం లేకపోయినా చేయకూడని పని అది.

ముందు పాడయ్యేవి

పీపా బాగుందని తేలిందనుకుందాం. అప్పుడు మొదలవుతుంది అసలైన మరమ్మతు. రెగ్యులేటర్ పని ట్యాంకులోని పది, పదిహేను కిలోల ఒత్తిడిని పొయ్యికి తగ్గట్టు దించడం. మన ఇళ్లలో ఆ దించిన ఒత్తిడి 30 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు కిందికి నొక్కేంత. అమెరికా మోటార్‌హోమ్‌లలో 11 అంగుళాలు, అంటే 28 సెంటీమీటర్లు. దాదాపు ఒకటే. ఇంత పెద్ద తేడాను నిలబెట్టేది లోపల ఉన్న పలచటి రబ్బరు పొర. ఉక్కుకు లేని ముసలితనం రబ్బరుకు ఉంటుంది. మంట పసుపురంగులో ఎగిరెగిరి పడటం, పొయ్యి ఆపినా సన్నగా బుస వినిపించడం ఆ పొర అలసిపోయిందనడానికి గుర్తులు. రెగ్యులేటర్‌కు గాలి పీల్చుకునే చిన్న రంధ్రం కూడా ఉంటుంది. బండి ఆరు నెలలు కదలకుండా ఉంటే కందిరీగ అందులో మట్టిగూడు కడుతుంది. ఆ రంధ్రం మూసుకుపోతే ఒత్తిడి అదుపు తప్పుతుంది. రంధ్రం కిందికి చూసేలా బిగించడం, మూతి మీద జాలీ పెట్టడం పైసా ఖర్చులేని జాగ్రత్తలు. పాత ట్యాంకుకు కొత్త రెగ్యులేటర్ వేయడం ఎప్పుడూ సరైన ఖర్చే.

గొట్టం సంగతి అందరికీ తెలిసినదే అయినా పాటించేవాళ్లు తక్కువ. లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్ష గొట్టాన్ని కూడా ఐదేళ్లకు మార్చాలి. ఇంట్లో గొట్టం గోడ పక్కన కదలకుండా ఉంటుంది. బండిలో అది ప్రతి గుంటకూ ఊగుతుంది, రేకు అంచుకు రాసుకుంటుంది. అందుకే బండి అడుగున లోహపు పైపే ఉండాలి. అది రేకులోంచి దూరే చోట రబ్బరు బుష్ వేయాలి. చివరి మూరెడు మాత్రమే మెత్తటి గొట్టం. బిగింపు పట్టీల బోల్టులు, నట్లు కూడా సరంజామాలోవే. తుప్పు పట్టిన బోల్టును మార్చడానికి వంద రూపాయల లోపే అవుతుంది. అది తెగితే నిండు ట్యాంకు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది.

లీకును సబ్బు నురగతోనే చూడాలి. అగ్గిపుల్ల, అగరొత్తి, లైటర్ దగ్గర పెట్టి చూసే ధైర్యం కొందరికి ఉంటుంది, దాన్ని అక్కడే ఆపేయాలి. వాసన మీద పూర్తిగా ఆధారపడటమూ పాత ట్యాంకు విషయంలో తప్పే. ఎల్‌పీజీకి సహజంగా వాసన ఉండదు. ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే పదార్థం కలపడం వల్లే ఆ కుళ్లు వాసన. ట్యాంకు లోపలి గోడకు తుప్పు పట్టి ఉంటే ఆ తుప్పు మెర్‌కాప్టాన్‌ను మార్చేస్తుంది, వాసన పలచబడుతుంది. అంటే ఎక్కువ ప్రమాదం ఉన్న ట్యాంకే తక్కువ వాసన ఇస్తుంది. వాల్వు తెరిచి ఉంచి ఏళ్లపాటు పక్కన పడేసిన ట్యాంకులో జరిగేది ఇదే. తేమ గాలి లోపలికి పోతుంది, లోపల తుప్పు పడుతుంది. అలాంటిదాన్ని మళ్లీ వాడాలంటే ముందు లోపలి గాలినీ తేమనూ పూర్తిగా వెళ్లగొట్టాలి. ఆ సదుపాయం లేనప్పుడు దాని జోలికి పోకపోవడమే నయం.

కారు ట్యాంకును పొయ్యికి పెట్టడం

అన్నిటికంటే ఎక్కువ వివరం కావాల్సిన విషయం ఇది. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక మన దేశంలో ఎల్‌పీజీతో నడిచే బండ్లకు దారి తెరుచుకుంది. ఆ కార్లు, వ్యాన్లు, ఆటోలు పాతబడి తుక్కుకు పోతుంటే వాటి ట్యాంకులు మిగిలాయి. పీపా గట్టిదే, వాల్వులో 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటూ ఉంది, ధర తక్కువ. టిఫిన్ బండికో, ఇంటిలా మార్చిన వ్యానుకో దీన్ని బిగిస్తే పదేపదే బండ మోసే బాధ తప్పుతుందన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

ఆ ఆలోచన మనుషుల్ని కాలుస్తుంది. ఇంజిన్‌కు గ్యాస్ పంపే ట్యాంకు లోపల ఒక గొట్టం అడుగు దాకా వెళ్తుంది. అది ద్రవాన్ని తోడుతుంది. ఆ ద్రవం ఇంజిన్ దగ్గరున్న వేపరైజర్‌కు చేరి, అక్కడి వేడికి ఆవిరి అవుతుంది. ఇంజిన్‌కు అలాగే కావాలి. పొయ్యికి కావాల్సింది ట్యాంకు పైభాగంలో ఉండే ఆవిరి. మోటార్‌హోమ్ ట్యాంకునూ, ఇంటి బండనూ అందుకే ఆవిరి తీసేలా కడతారు. కారు ట్యాంకుకు వంటింటి రెగ్యులేటర్ తగిలిస్తే రెగ్యులేటర్‌లోకి ద్రవం వస్తుంది. ద్రవం ఆవిరైతే రమారమి 250 రెట్లు పెరుగుతుంది. దించాల్సిన ఒత్తిడిని రెగ్యులేటర్ దించలేదు, రబ్బరు పొర చలికి గడ్డకట్టి బిర్రబిగుస్తుంది, బర్నరు దగ్గర మంట నిలువెత్తు లేస్తుంది. వాల్వు కట్టేద్దామంటే మంట దాటి వెళ్లాలి.

గ్యాస్ అయిపోవస్తోందని బండను అడ్డంగా పడుకోబెట్టే అలవాటులో ఉన్న ప్రమాదమూ ఇదే. నిలబెట్టాల్సిన బండను పడుకోబెడితే వాల్వు దగ్గరికి ద్రవం వస్తుంది. హోటల్ పొయ్యి లాంటి పెద్ద మంటకు చిన్న బండ వాడితే బండ చల్లబడి, ఒంటి మీద చెమట పట్టి, ఒత్తిడి పడిపోతుంది. లోపల గ్యాస్ ఉన్నా మంట రాదు. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి, చిన్న బండకు చుట్టూ గాలి నుంచి అంత వేడి అందదు. వేడినీళ్లు పోయడం, పడుకోబెట్టడం దీనికి మందు కాదు. రెండు బండలు కలిపి వాడితే ఒక్కోదాని మీద భారం సగమవుతుంది.

వ్యాను ఇరుకును కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఎల్‌పీజీ ఆవిరి గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. నేల మీద నీళ్లలా పారి, పల్లంలో నిలుస్తుంది. గాలిలో సుమారు 2 శాతం కలిస్తే చాలు, నిప్పు అంటుకుంటుంది. పది ఘనపు మీటర్ల వ్యానులో 2 శాతం అంటే ఘనపు మీటరులో అయిదో వంతు, తూకంలో అర కిలో కూడా ఉండదు. 14.2 కిలోల బండలో అది ముప్పయ్యో వంతు. ఇంట్లో అయితే కిటికీ తీస్తే చెదిరిపోయే లీకు, వ్యానులో ఒక స్విచ్ వేసేసరికి పేలుడు అవుతుంది.

వెల్డింగ్ ఎందుకు వద్దంటే

ఆటోనగర్‌లో లారీ బాడీలకు పనిచేసే వెల్డర్ చేయి ఎంత తిరిగినదైనా, గ్యాస్ పీపా ఆ చేతికి ఇవ్వాల్సిన పని కాదు. ఒక కారణం ఖాళీ ట్యాంకు అన్నది ఖాళీ కాకపోవడం. వాల్వు తెరిచి, వాసన పోయేదాకా ఉంచినా లోపల ఆవిరి ఉంటుంది, అడుగున జిడ్డు మిగులుతుంది. నిప్పురవ్వ తగలగానే ఆ జిడ్డు మళ్లీ ఆవిరి వదులుతుంది. రెండో కారణం అంతకంటే నెమ్మదిగా చంపుతుంది. ఇంటి బండ లాంటి పీపాలను ఫ్యాక్టరీలో అతికాక కొలిమిలో పెట్టి ఉక్కులో పుట్టిన బిగువును తీసేస్తారు. షెడ్డులో అతికిన అతుకు చుట్టూ ఆ బిగువు అలాగే ఉండిపోతుంది, ఉక్కు పెళుసుబారుతుంది. ఆ రోజు లీకు ఆగుతుంది. ఏడాదో రెండేళ్లో ఎండకూ చలికీ, రోడ్డు అదురుకూ అలిసి అతుకు పక్కన చీలుతుంది.

మన ఇంటి బండలకు కూడా వెల్డింగ్ మరమ్మతు ఉంది. అయితే అది ఆమోదం పొందిన ఫ్యాక్టరీల్లో, అడుగు రింగు, పై రింగు లాంటి భాగాలకే. తర్వాత మళ్లీ కొలిమిలో వేడి చేసి, నీళ్ల పరీక్ష చేస్తారు. అమెరికాలో ఏఎస్‌ఎంఈ పీపాకు వెల్డింగ్ చేయాలంటే అందుకు ప్రత్యేకమైన 'ఆర్' ముద్ర ఉన్న సంస్థకే అధికారం. ఆ ఖర్చుకు కొత్త ట్యాంకే వస్తుంది కాబట్టి అక్కడా ఎవరూ చేయించరు. ఎం-సీల్ ముద్ద, టేపు చుట్టడం గురించి చెప్పడానికి ఏమీ లేదు. పది కిలోల ఒత్తిడి ముందు అవి నిలబడవు.

మార్చేటప్పుడు ఏది పెట్టాలి

విదేశీ ట్యాంకుకు అదే రకం కొత్త ట్యాంకు తెప్పించడం వినడానికి బాగుంటుంది, ఇక్కడ మాత్రం దాన్ని నింపుకోవడం పెద్ద చిక్కు. మన దేశంలో సిలిండర్లకు ఆమోదం ఇచ్చేది నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెసో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ, పూర్వం పేలుడు పదార్థాల శాఖ అనేవాళ్లు. 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద వచ్చినవి. ఆమోదం లేని సిలిండర్‌ను నింపడానికి అవి ఒప్పుకోవు. ఆటో ఎల్‌పీజీ బంకు ఉన్నది ఇంజిన్ ఇంధనానికే, పొయ్యి ట్యాంకు నింపడం వాళ్ల పని కాదు. విదేశీ వాల్వు మరకు మన రెగ్యులేటర్ కూడా కుదరదు. మధ్యలో లేతు మీద చేయించిన అడాప్టర్ పెడితే ఇంకో లీకు చోటు తయారవుతుంది.

అందుకే ఈ ప్రాంతంలో తిరిగే బండికి సరైన మార్పు ట్యాంకు స్థానంలో ట్యాంకు పెట్టడం కాదు, మార్చుకునే బండకు వెళ్లడం. కుటుంబంతో తిరిగే క్యారవాన్‌కు 5 కిలోల చిన్న బండ రెండు ఉంటే సరిపోతాయి. చిరునామా రుజువు లేకుండా, గుర్తింపు కార్డు చూపించి తీసుకునే రకం అది. ఇండేన్ దాన్ని 'ఛోటూ' అంటుంది. వ్యాపారం చేసే టిఫిన్ బండి 19 కిలోల వాణిజ్య బండ వాడాలి, ఇంటి బండ వాడటం నేరం. తీరం వెంట తిరిగేవాళ్లకు కాంపోజిట్ బండ ప్రత్యేకంగా పనికొస్తుంది. లోపల ప్లాస్టిక్ పొర, దాని మీద ఫైబర్‌గ్లాస్ చుట్టు, పైన మళ్లీ ప్లాస్టిక్ తొడుగు. ఉక్కు బండలో సగం బరువే, తుప్పు అన్న మాటే లేదు, వెలుతురులో పెడితే లోపల ఎంత గ్యాస్ ఉందో కనపడుతుంది. ఉప్పు గాలిలో బతికే బండికి ఇంతకంటే తగినది లేదు.

బండను పెట్టే అర మనుషులుండే భాగం నుంచి పూర్తిగా వేరుగా ఉండాలి. దాని తలుపు బయటి వైపే తెరుచుకోవాలి, అడుగున గాలి రంధ్రాలుండాలి. గ్యాస్ కిందికే దిగుతుంది కాబట్టి పైన రంధ్రం పెట్టి అడుగు మూసేస్తే ఆ అర గ్యాస్ తొట్టి అవుతుంది. ఎగ్జాస్టు పైపుకూ బ్యాటరీకీ దూరంగా, నిలువుగా, పట్టీతో బిగించి పెట్టాలి. లీకు చెప్పే డిటెక్టర్‌ను నేలకు జానెడు ఎత్తులో పెట్టాలి. ఎత్తులో అందంగా కనపడుతుందని తలుపు పైన పెట్టినది గ్యాస్ నడుము దాటేదాకా మేలుకోదు. దాని సెన్సారుకూ ఆయుష్షు ఉంటుంది, వెనక ముద్రించిన తేదీ చూసుకోవాలి. బండి కదిలే ముందు బండ దగ్గర వాల్వు కట్టేయడం డ్రైవర్ బెల్టు పెట్టుకోవడం లాంటి అలవాటు కావాలి.

ఆర్‌సీలో ఎల్‌పీజీ కిట్ నమోదై ఉన్న బండి అయితే ట్యాంకు తీసేశాక ఊరుకోకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసినదానికి తేడాగా బండిని మార్చకూడదు. రవాణా కార్యాలయంలో ఆ మార్పు రాయించుకోవాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గర, బీమా క్లెయిము దగ్గర అదే అడ్డం తిరుగుతుంది. ఇంజిన్‌కు ఇంకా ఎల్‌పీజీ వాడుతుంటే ఆ ట్యాంకుకు ఐదేళ్లకోసారి ఆమోదం ఉన్న కేంద్రంలో పరీక్ష చేయించాలి, పొయ్యి గొట్టం దానికి కలపకూడదు.

తీసేసిన పాత ట్యాంకును తూకానికి అమ్మేయడం చాలామంది చేసే చివరి పని. అది పాత ఇనుము కొట్టులో గ్యాస్ కట్టర్ కిందికి వెళ్తుంది. అక్కడ పనిచేసే కుర్రాడికి అందులో ఏముందో తెలియదు. పనికిరాని సిలిండర్‌ను గ్యాస్ పూర్తిగా తీసేశాక, మళ్లీ అతకడానికి వీల్లేకుండా ముక్కలు చేయాలని నిబంధన. ఆ గ్యాస్ తీసే పని చేయగలిగినవాళ్లు పరీక్షా కేంద్రాల్లో ఉంటారు. కొట్టుకు ఇచ్చే ముందు ట్యాంకును అక్కడికి తీసుకెళ్లి, వాల్వు ఊడదీయించి, లోపల నీళ్లతో నింపి కడిగించాలి. తీసుకెళ్లే దారిలో గాని, విప్పేటప్పుడు గాని లీకు మొదలైతే ట్యాంకును ఖాళీ స్థలంలో వదిలి, గాలి వచ్చే వైపుకు జరిగి, ఫోన్ కూడా అక్కడికి వెళ్లాకే తీసి 1906కు చేయాలి. గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు అది, పగలూ రాత్రీ పలుకుతుంది.